వదిన పేజీ

చిన్నోడు తన కుర్చీని తనే ఎత్తుకుని ఇనుప మెట్లు దిగుతున్నాడు. చక్రాల కుర్చీ అది. మెట్టు మెట్టుకీ ఓ చక్రం కమ్మీకి తగిలి టంగుమంటోంది. ఓ చెయ్యి వెయ్యమని అతను అడగలేదు, వేస్తానని ఎవరూ లేవలేదు.

కింద తాళాల కొట్టులో అతని అన్న, మరలో బిగించిన తాళంచెవి మీదనుంచి తల ఎత్తలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న తల్లి మాత్రం టెలిఫోను ఎత్తింది. చెవి దగ్గర పెట్టుకుని, అందులో చప్పుడు వస్తోందని నమ్మకం కుదిరాక మళ్ళీ పెట్టేసింది. పొద్దుటినుంచి ఆవిడకి ఇదే పని.

ఫోనుకేం రోగం లేదు. చేసేవాళ్ళే లేరు.

మేడమీద గదిలో వదిన తలుపు దగ్గరగా వేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. కళ్ళు తెర మీద, చెవులు మెట్ల మీద. కుర్చీ అయిపోయింది, ఇక మిగిలింది అతని తెరా, దీపమూ, కాఫీ కప్పూ. అవి కూడా పోతే ఈ గదిలో సగం ఖాళీ. ఆ సగం వైపు ఆమె చూడటం మానేసింది.

ఆమె ఈ ఇంటికి కోడలు, చిన్నోడికి వదిన. కానీ ఆ వరస ఇంటి గుమ్మం దాటి చాలా దూరం పోయింది. జనం ఏదైనా వెతికినప్పుడు మన పేజీ ముందు కనబడేలా చేసే పనుందే, ఎస్ఈఓ, అది చేసేవాళ్ళలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. ఎప్పుడో ఒక సభలో చిన్నోడు మైకు పట్టుకుని "ఇప్పుడు మా వదిన మాట్లాడుతుంది" అన్నాడు. అంతే, ఆ రోజునుంచి తల నెరిసినవాళ్ళు కూడా ఆమెను వదినా అనే పిలుస్తారు. ఆమెకి పైకి విసుగు, లోపల బోలెడు గర్వం.

గర్వం ఎందుకుండదు? సందు లోపలి సందులో ఉన్న ఈ కొట్టుని ఊరందరికీ చూపించింది ఎవరని? తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నవాళ్ళు ఏ వేళ ఫోను తీసి వెతికినా ఈ కొట్టే ముందు కనబడేది. అది చూసి పళ్ళ డాక్టరు వచ్చాడు, నేలపలకల కంపెనీవాళ్ళు వచ్చారు, ఈత నేర్పే బడివాళ్ళు వచ్చారు. మేడమీద గది ఆఫీసయింది. చదువైపోయి ఊరికే గోళ్ళు గిల్లుకుంటున్న మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాలు దిద్దించినట్టు పని నేర్పింది ఆమే.

ఇప్పుడు ఆ మరిదే కుర్చీ మోసుకుపోతున్నాడు.

నిన్నటి గొడవ ఇంకా గోడమీదే ఉంది. నెలల తరబడి పని పద్ధతి మీద పడక, చివరికి తెల్లటి పలక మీద నిలువునా గీత గీసి ఖాతాదారుల్ని పంచుకున్నారు. పళ్ళ డాక్టరు ఇటు, నేలపలకలు అటు, ఈతబడి అటు. అన్నదమ్ములు ఇల్లు పంచుకోవడం విన్నాం గాని, వదినా మరుదులు ఆఫీసు పంచుకోవడం ఈ ఇంట్లోనే చూస్తున్నాం. అది కూడా సవ్యంగానే సాగింది. ఒక్కచోటే తెగలేదు. అది వదిన పేజీ.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఆమె పెట్టిన పేజీ అది. సెర్చ్ కంపెనీలు తమంతట తాము రాసిపెట్టిన నియమాలు ఎక్కడుంటాయి, వాటిలో ముందు ఏది చదవాలి, మన సైటు ఒంట్లో ఎలా ఉందో చూపించే ఉచిత పరికరాలు ఏవి, ఏ చర్చావేదికలో అడిగితే కసురుకోకుండా జవాబు చెబుతారు, ఎవరి మాట నమ్మితే చేతులు కాలతాయి, అన్నీ అందులో ఉంటాయి. తను వాడి చూడనిది ఒక్కటీ పెట్టలేదు. ఒక్క ప్రకటన వెయ్యలేదు. ఈ విద్య నేర్చినవాళ్ళలో ఆ గుమ్మం తొక్కనివాళ్ళు తక్కువ.

అలాంటి పేజీకి ఈమధ్య మనుషులు రావడం తగ్గిపోయింది. సెర్చ్ ఇంజను తనే పైన జవాబు చెప్పేస్తోంది. నాలుగు వాక్యాలు చదువుకుని జనం అటునుంచటే పోతున్నారు, కింద లింకులు నొక్కే ఓపిక ఎవరికీ లేదు.

"మూసేద్దాం వదినా. ఎవరొస్తున్నారని?" అన్నాడు చిన్నోడు నిన్న.

ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అతను ఇంకా ఏదో చెప్పబోయాడు. నెలలుగా చెబుతున్నదే. పది లింకుల్లో మొదటిది కావాలన్న పట్టుదల ఇక పనికిరాదన్నాడు. ఆ జవాబు చెప్పే యంత్రం ఎవరి మాట ఎత్తుకుంటుందో చూడాలన్నాడు. రాసినవాళ్ళెవరో తెలియాలి, చేత్తో చేసినవాళ్ళు రాసినట్టుండాలి, ఒక్కో వాక్యం దానంతట అది నిలబడాలి అన్నాడు. పాత పేజీ మూసి, ఆ పద్ధతిలో కొత్తది కడదామన్నది అతని ఆలోచన. ఆమె సగమే వింది.

"జనం మన దగ్గరికి రారు వదినా. మన మాటే వాళ్ళ దగ్గరికి పోవాలి."

"నా మాట ఎత్తుకుపోయి అదేదో తన నోటితో చెప్పుకుంటే, నేను కూర్చుని చప్పట్లు కొట్టాలా?"

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. ఎందుకంటే, సరిగ్గా ఇప్పుడే కొట్టు సైటు సెర్చ్‌లోంచి మాయమైపోయింది. వెనక్కి పోవడం కాదు, అసలు లేదు. కొట్టు పేరు కొట్టి వెతికినా రావడం లేదు. వదిన కిందటివారమే దానికి కొత్త రూపం ఇచ్చి ముచ్చటపడింది. ఆ ముచ్చట తీరకుండానే ఫోను మూగబోయింది.

ఆమె అనుమానం నేరుగా చిన్నోడి మీదకి పోయింది. దానికీ కారణముంది. మొన్నామధ్య అతను యంత్రంచేత రాయించి, ఊళ్ళో వీధి వీధికీ ఒక పేజీ చొప్పున కొట్టు సైటులో ఎక్కించాడు. అన్నీ ఒకటే మాటలు, వీధి పేరు ఒక్కటే తేడా. ఆమె చూసి చీవాట్లు పెట్టి తీయించేసింది. ఆ పాపానికే ఇప్పుడు శిక్ష పడిందని నిన్న అత్తగారి ముందు అనేసింది. నీవల్లే మీ నాన్నగారి కొట్టు మునిగిందని కూడా అంది. అని ఊరుకోకుండా, అతని కళ్ళముందే కొట్టు సైటులోకి అతనికున్న ప్రవేశం తీసేసింది.

చిన్నోడి ముఖం పాలిపోయింది. అత్తగారు మధ్యలోకొచ్చి, పొరపాటైందని ఒక్క మాట అనరా, పోయేదేముంది అని నచ్చజెప్పబోయింది.

"చెయ్యనిదానికి ఎందుకంటానమ్మా?" అన్నాడు. అని, ఎప్పటినుంచో పిలుస్తున్న పెద్ద కంపెనీకి, తన వంతు ఖాతాదారులతో సహా వస్తున్నానని కబురు పెట్టేశాడు. ఇద్దరికీ పంతం నరనరానా ఉంది. ఒకరు నేర్పారు, ఒకరు నేర్చుకున్నారు.

మెట్ల మీద మళ్ళీ అడుగుల చప్పుడు. చిన్నోడు తలుపు తోసుకుని వచ్చాడు, ఆమెవైపు చూడకుండా తన తెర వైర్లు ఊడదీశాడు. ఆమె కూడా తల తిప్పలేదు. వైరు ఒకటి ఆమె కుర్చీ కింద చిక్కుకుంది. కుర్చీ కాస్త జరిపితే వస్తుంది. అతను అడగలేదు, ఆమె జరపలేదు. చివరికి ఆ వైరు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆమె మళ్ళీ పనిలో పడింది. సెర్చ్ కంపెనీ ఏమైనా కొత్త మార్పు తెచ్చిందేమో చూసింది. వేదికల్లో ఎవరైనా గగ్గోలు పెడుతున్నారేమో చూసింది. పోటీ కొట్లవాళ్ళెవరైనా కుట్ర చేశారేమోనని కూడా వెతికింది. పరికరం చూపించే గీతలన్నీ కొండమీదనుంచి కిందకి దూకినట్టున్నాయి. ఆ గీతల్ని చూసి గుండె బాదుకోవడమే గాని, అదే పరికరం ఓ మూలన చిన్న అక్షరాల్లో ఏం చెబుతోందో ఆమె చూడలేదు. ఇంతటిదానికి అంత చిన్న కారణం ఉంటుందని ఆమె అనుకుంటేగా.

విసిగిపోయింది. విసుగొస్తే ఆమె చేసే పని ఒకటుంది. తనకి తెలిసిందంతా పక్కన పెట్టి, ఏమీ తెలియని మనిషి అడిగినట్టు అడుగుతుంది. అలాగే అడిగింది. "కొత్తగా మార్చిన మా వెబ్‌సైటు సెర్చ్‌లో కనబడటం లేదు, ఎందుకు?"

తెర మీద పైన జవాబు వచ్చింది.

"కంగారు పడి అన్నీ ఒకేసారి మార్చకండి. ముందు గుమ్మం చూడండి. కొత్త రూపం ఇచ్చేటప్పుడు సెర్చ్ ఇంజనును రావద్దని సైటు లోపలి రాతలో ఒక వరుస పెడతాం. పని అయ్యాక దాన్ని తీశారా? ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళు కూడా దాన్ని మరిచిపోతారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు."

దాని పక్కన చిన్న అక్షరాల్లో, ఎక్కడినుంచి తీసుకున్నారో ఆ చిరునామా. వదిన పేజీ.

ఆమె తెరకి దగ్గరగా జరిగింది. కంగారు పడి మార్చకండి అన్న మొదటి మాట తనదే, ఎప్పుడో రాసింది. గుమ్మం చూడమన్న మాట దగ్గరనుంచి తనది కాదు. పేజీ తెరిచి చూసింది. నిన్న సాయంత్రం మార్చినట్టు ఉంది. ఆ పేజీలో రాసేందుకు తాళం ఇద్దరి దగ్గరా ఉంది. నిన్న కోపంలో కొట్టు సైటు తాళం లాక్కుంది గాని, దీని సంగతి ఆమెకి గుర్తే రాలేదు.

వెంటనే కొట్టు సైటు లోపలి రాత తెరిచింది. ఉంది. పైనే ఉంది. రావద్దన్న వరుస, తన చేత్తో పెట్టింది. కొత్త రూపం చూసుకుని మురిసిపోయిన హడావిడిలో తియ్యడం మరిచింది. ఎవరైనా బయటనుంచి చూసినా కనబడే వరుస అది. ఇల్లంతా సోదా చేసింది, గుమ్మం వైపు మాత్రం చూడలేదు. కొత్తగా చేరిన ప్రతివాడికీ తను చెప్పే మొదటి పాఠం అదే.

వరుస తీసేసింది. మళ్ళీ వచ్చి చూడమని సెర్చ్ కంపెనీకి విన్నపం పంపింది. ఇక కొన్నాళ్ళలో కొట్టు మళ్ళీ కనబడుతుంది, ఫోను మోగుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఎలా బాగైందమ్మాయ్ అని అత్తగారు అడిగితే, ఏదో చేశానత్తయ్యా అంటే సరిపోతుంది. ఆవిడ కోడలి తెలివికి ఇంకోసారి మురిసిపోతుంది కూడా.

కింద బండివాడు హారను కొట్టాడు. చిన్నోడి సామాను కోసం వచ్చిన బండి.

ఆమె లేచింది. మళ్ళీ కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఆమె తప్పన్న మాట ఎవరూ అనలేదు, అనే అవసరం రానివ్వలేదు. తల ఎత్తుకు తిరిగిన చోట తల దించుకోవాలంటే ప్రాణం పోతున్నట్టుంది. కానీ ఆ కుర్రాడు చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని గుమ్మం దిగితే, ఆ తర్వాత ఎత్తిన తల ఎవరికి చూపించుకోవాలి? కంప్యూటరు చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

కొట్టులో కుర్చీ, తెరా, దీపం బండికోసం వరసగా నిలబడి ఉన్నాయి. చిన్నోడు వాటి పక్కన.

"అత్తయ్యా, తప్పు చిన్నోడిది కాదు. నాది."

మర ఆగింది. అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుంది.

ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం వదినకి కష్టం కాలేదు. కొట్టుకి రంగులు వేయిస్తూ తలుపుకి మూసి ఉందని పలక తగిలించాను, రంగులు ఆరాయి, కొట్టు తెరిచాను, పలక మాత్రం తియ్యలేదు, వచ్చినవాళ్ళు చదువుకుని వెళ్ళిపోయారు అని చెప్పింది. చిన్నోడి పేజీలకీ దీనికీ సంబంధం లేదని చెప్పింది. నిన్న అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెప్పింది. ఒక్క మాటా మింగలేదు.

ముందు భర్తే గొంతు సవరించుకున్నాడు. తను కూడా ఓసారి చెవి లోపల పెట్టి ఈ కొట్టుకి తాళం వేసుకున్నాడనీ, ఊళ్ళో అందరి తాళాలూ తీసేవాడు తన కొట్టులోకి వెనక కిటికీలోంచి దూరాడనీ, ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదనీ అన్నాడు. మరో రోజైతే అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు.

అత్తగారు నవ్వలేదు. చిన్నకొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసా ఈ సంగతి?"

అతను కుర్చీ చక్రాన్ని కాలితో కదిపాడు. "నిన్న సాయంత్రం చూశాను."

"మరి నోరు పడిపోయిందా?"

"నలుగురిలో వదిన తప్పని నేనెలా అంటానమ్మా? ఆవిడ దగ్గర నేర్చుకున్నవాణ్ణి. నేనే తీసేద్దామంటే తాళం లాగేసుకున్నారు."

"విడిగా చెప్పొచ్చుగా."

"మాటల్లేవుగా."

"చెప్పాడత్తయ్యా," అంది వదిన. "నేను చదివేచోటే రాసిపెట్టాడు." అని, అతనివైపు తిరిగింది. నిన్నటినుంచి అతని ముఖం చూడటం అదే మొదలు. "నేను అలా అడుగుతానని నీకెలా తెలుసు?"

"విసుగొస్తే మీరు ఏమీ తెలియనివాళ్ళలా వెతుకుతారు. నాకు నేర్పింది కూడా అదేగా."

"సరే. జవాబు మన పేజీలోంచే తీస్తుందని ఎలా అనుకున్నావు? రాసి రాత్రి గడిచిందో లేదో."

చిన్నోడు ఆమెను వింతగా చూశాడు, అడగరానిది అడిగినట్టు.

"ఇంకెవరిది తీస్తుంది వదినా?"

ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ ఆపుకుంది. ఇన్నేళ్ళలో ఎన్ని సభల్లో ఎన్ని చప్పట్లు విన్నా ఒంట్లో ఇంత వెచ్చగా అనిపించలేదు. వేలమంది కోసం పెట్టిన పేజీలో ఒక్క మనిషి కోసం నాలుగు వాక్యాలు రాసి, ఆ మనిషి ఏం అడుగుతుందో, ఎలా అడుగుతుందో పట్టుకుని, ఆ జవాబు సరిగ్గా ఆమె కళ్ళముందుకి వచ్చేలా చేశాడు. మన మాటే వాళ్ళ దగ్గరికి పోవాలని నిన్న అతను మొత్తుకున్నది ఇదే. ఆమె వినలేదు కాబట్టి చేసి చూపించాడు. ఈ పనివాడు తన చేతికింద తయారైనవాడని లోకమంతా చాటి చెప్పాలనిపించింది.

"నిన్ను మించినవాడు అయ్యాడన్నమాట," అన్నాడు భర్త, మళ్ళీ మర మీదకి వంగుతూ.

"అయ్యాడు. నేర్పింది నేనేగా," అంది వదిన.

అత్తగారికి ఇంకా ఏదో తేలలేదు. ఇన్నేళ్ళుగా వదిన పేజీ, వదిన పేజీ అని వినడమే గాని, అందులో ఏముందో ఎవరూ తనకి చదివి వినిపించలేదంది. ఇంతమందిని బాగుచేసిన పేజీ ఏమిటో తనూ వింటానంది.

వదిన కంప్యూటరు గల్లాపెట్టె మీద పెట్టి చిన్నోడి ముందుకి తోసింది. "నువ్వు చదువు. ఈమధ్య రాసింది నువ్వేగా."

అతను నిలబడే చదివాడు. ముందు ఏ నియమాలు చదవాలి, ఏ పరికరం ఎందుకు, ఎక్కడ అడగాలి, ఎవర్ని నమ్మకూడదు. వదిన వేళాకోళంగా రాసినచోట అత్తగారు ముసిముసిగా నవ్వింది. ఇది నా కోడలి మాటే అంది. గుమ్మం చూడండి అన్నచోటికి వచ్చేసరికి చిన్నోడి గొంతు తగ్గింది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు అని చదివి ఆగిపోయాడు.

"అయిపోయిందా?" అంది అత్తగారు.

"ఒకటి మిగిలిందమ్మా. రాసినవాళ్ళెవరో కింద పేరు లేదు. ఇప్పుడు అది ఉండి తీరాలి. ఎవరు చెబుతున్నారో తెలియకపోతే ఆ యంత్రమూ నమ్మదు, మనుషులూ నమ్మరు."

అంటూనే వంగి పేజీ అడుగున టైపు చేశాడు. రాసినవారు: వదిన. ఆ మాట పక్కన కాస్త ఖాళీ వదిలాడు. వదిలి, కంప్యూటరు ఆమెవైపు తిప్పాడు. చెయ్యి మాత్రం పక్కనున్న కుర్చీ వీపు మీదే ఉంది.

బండివాడు మళ్ళీ హారను కొట్టాడు.

వదిన ఆ ఖాళీని చూసింది. మీటల మీద వేళ్ళు పెట్టి, తొందరేమీ లేనట్టు, ఒక్కో అక్షరమూ కొట్టింది. మరిది.

"వెళ్ళిపోయేవాడి పేరెందుకమ్మాయ్?" అంది అత్తగారు మెల్లగా.

"ఆఫీసు వదిలి వెళ్తాడేమో గాని, వరస వదిలి ఎక్కడికి పోతాడత్తయ్యా?"

అప్పుడు ఫోను మోగింది. అత్తగారి చెయ్యి అలవాటుగా గల్లాపెట్టె మీదకి పోయి ఆగింది. మోగేది కొట్టు ఫోను కాదు, చిన్నోడి జేబులోది. అతను తీసి చూశాడు. పెద్ద కంపెనీవాళ్ళు. ఎప్పుడు వస్తున్నారో చెప్పమంటారు కాబోలు.

బొటనవేలు ఫోను మీద పెట్టుకుని, తెర మీద పక్కపక్కనే ఉన్న ఆ రెండు మాటలూ చదువుతూ అతను నిలబడిపోయాడు. ఫోను మోగుతూనే ఉంది.